కషాయం రంగు మారితే చాలదు

ఏటా సంక్రాంతి సెలవులు ముగిసి ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టుల కాలం మొదలవగానే మా రసాయనశాస్త్ర ప్రయోగశాలలో యాసిడ్ల ఘాటును మించి ఆకుల వాసన వస్తుంది. ఒకరు వేపాకు తెస్తారు, ఒకరు మునగాకు, ఇంకొకరు పెరట్లోని జామాకు. పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదని తాము నమ్మే ఏదో ఒక కలుపుమొక్కను పెరుక్కొస్తారు. పద్ధతి మాత్రం అందరిదీ ఒకటే. పది గ్రాముల ఆకును కడిగి, తరిగి, వంద మిల్లీలీటర్ల స్వేదనజలంలో పావుగంట మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పోస్తారు. కాసేపటికి లేత పసుపు ద్రావణం తేనెరంగుకు, ఆపైన ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ క్షణంలో పిల్లల ముఖాల్లో కనిపించే సంబరం నాకు బాగా తెలిసినదే. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో సగభాగం తంగేడు ఆకు కషాయంతో చేసిన వెండి నానోకణాల గురించే.

అందువల్ల ఇది గట్టున నిలబడి చేసే విమర్శ కాదు. హరిత సంశ్లేషణ, అంటే పర్యావరణానికి హాని లేని తయారీ, అన్న పేరుతో మనం చేస్తున్న పనిలో ఆకు నిజంగా చేసే పని చాలా చిన్నదనీ, ఆ చిన్న పనిని చూపించి మొత్తం ప్రక్రియకే పచ్చరంగు పూస్తున్నామనీ, ఆ కణాలను ఉత్ప్రేరకాలుగా పరీక్షించే చోటికి వచ్చేసరికి మన లెక్క పూర్తిగా తలకిందులవుతోందనీ నా వాదన.

ముందు ఆకు చేసే పనేమిటో చూద్దాం. వెండి అయాను ఒక ఎలక్ట్రానును పుచ్చుకొని లోహపు వెండిగా మారడానికి పెద్దగా మొరాయించదు. దాని ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్, అంటే ఎలక్ట్రానును పుచ్చుకొనే మొగ్గుకు కొలత, 0.80 వోల్టులు. బంగారం ఇంకా సులువుగా దిగివస్తుంది. పాలీఫినాల్‌లు, చక్కెరలు, విటమిన్-సి వంటి ఎలక్ట్రాను దాతల్లో ఏ కొన్ని ఉన్నా ఈ పని జరిగిపోతుంది, అవి బొత్తిగా లేని ఆకు ఉండదు. కాబట్టి ఫలానా ఆకు వెండిని క్షయకరించిందని ప్రకటించడం ఫలానా కట్టె మండిందని ప్రకటించడం లాంటిది. కట్టె మండుతుంది. ఎంత వేడి ఇచ్చింది, ఎంత బూడిద మిగిల్చింది అన్నవే చెప్పదగ్గ సంగతులు.

రంగు విషయమూ అంతే. లోహాన్ని కొన్ని పదుల నానోమీటర్ల కణాలుగా విడగొడితే దానిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతితో కలిసి ఊగుతాయి. వెండి కణాలు సుమారు 400 నుంచి 430 నానోమీటర్ల దగ్గర, బంగారు కణాలు 520 దగ్గర కాంతిని బలంగా పీల్చుకుంటాయి. వెండి ద్రావణం పసుపుగా, బంగారు ద్రావణం దానిమ్మరసంలా కనిపించడానికి కారణం ఈ ప్లాస్మాన్ అనునాదమే. మైకేల్ ఫారడే లండన్‌లో 1857లోనే ఫాస్ఫరస్‌తో బంగారు లవణాన్ని క్షయకరించి ఎర్రని ద్రావణాలు చేసి, ఆ ఎరుపు అతిసూక్ష్మమైన బంగారు రేణువులదేనని వాదించాడు. 1951లో టర్కెవిచ్ బృందం ఫాస్ఫరస్ స్థానంలో సిట్రేటును వాడింది. సిట్రేటు అంటే నిమ్మరసంలోని ఆమ్లానికి లవణం, అంతకన్నా నిరపాయకరమైన కారకాన్ని ప్రయోగశాలలో వెతకడం కష్టం. హరితం అనే మాట రసాయనశాస్త్రంలోకి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే బంగారు నానోకణాల తయారీ నీటిలో, నిమ్మ ఉప్పుతో, పొయ్యిమీద సాగుతోంది. ఆకు కషాయం మీద వచ్చే పరిశోధనా పత్రాల ఉపోద్ఘాతాల్లో ‘సంప్రదాయ పద్ధతులు విషపూరిత రసాయనాలతో కూడుకున్నవి’ అన్న వాక్యం చదివినప్పుడల్లా నాకు టర్కెవిచ్ గుర్తుకొస్తాడు.

మన దేశంలో ఈ ఒరవడికి పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం 2003, 2004 ప్రాంతాల్లో చేసిన పని పెద్ద ప్రేరణ. జెరేనియం ఆకు, వేపాకు, నిమ్మగడ్డి, ఒక శిలీంధ్రం, ఇలా ఒక్కొక్కటి ఏ ఆకారపు కణాలను ఇస్తుందో వారు చూశారు. నిమ్మగడ్డి కషాయం బంగారాన్ని పలుచని త్రిభుజాకారపు పలకలుగా పెంచుతుందని వారు చూపించడం నిజంగా కొత్త విషయం, ఎందుకంటే అక్కడ ఆకు క్షయకరించడంతో ఆగకుండా స్ఫటికపు ఎదుగుదలను ఒక దారికి మళ్ళించింది. అదే 2003లో రవీంద్రన్, ఫూ, వాలెన్ గ్లూకోజుతో వెండిని క్షయకరించి, పిండిపదార్థంతో ఆ కణాలను నిలబెట్టారు. గ్లూకోజు, గంజి, నీళ్ళు: మూడూ పేరున్న పదార్థాలు, మూడింటి పరిమాణమూ తూచి చెప్పవచ్చు, మరొక ఊరిలో మరొకరు మళ్ళీ చేసి చూడవచ్చు. హరిత సంశ్లేషణకు నాకు తెలిసిన మంచి నమూనా ఇదే. దాన్ని పట్టుకొని ముందుకు పోవలసిన మనం చెట్టు తరువాత చెట్టు ఎక్కాం. ఆకు ఏ నెలలో కోసినది, లేతదా ముదురుదా, నీడన ఆరిందా ఎండలో ఆరిందా అన్నదాన్ని బట్టి కషాయం మారిపోతుంది. నా తంగేడు ఆకు వేసవిలో ఇచ్చిన కణాలను వానాకాలంలో ఇవ్వలేదు. గ్రంథంలో నేను వేసవి ఫలితాలే రాశాను.

ఇప్పుడు లెక్కకు వద్దాం. వాడుకలో ఉన్న వంటకం ప్రకారం పది మిల్లీలీటర్ల కషాయాన్ని తొంభై మిల్లీలీటర్ల ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్‌లో కలుపుతారు. అందులో ఉన్న వెండి మొత్తం 9.7 మిల్లీగ్రాములు, దానికి ఖర్చయిన ఆకు ఒక గ్రాము. అంతా నూటికి నూరుపాళ్ళు కణాలుగా మారిందనే అనుకుందాం. ఒక కిలో వెండి నానోకణాలు కావాలంటే వంద కిలోల పైచిలుకు ఆకు, సుమారు 10,300 లీటర్ల స్వేదనజలం కావాలి. అన్ని లీటర్లనూ నిమిషానికి పదివేల చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజులో వేసి కణాలను వేరుచేయాలి, వేరుచేసినదాన్ని రెండుమూడు సార్లు కడగాలి. ఆ నీటిని స్వేదనం చేయడానికి, కషాయం మరిగించడానికి, యంత్రం తిప్పడానికి అయ్యే కరెంటును మన పత్రాల్లో ఎవరూ ప్రస్తావించరు. సిల్వర్ నైట్రేట్ ఎక్కడినుంచి వచ్చిందన్నదీ ప్రస్తావనకు రాదు. వెండిని నత్రికామ్లంలో కరిగిస్తేనే అది వస్తుంది, కరిగేటప్పుడు ఎర్రని నైట్రోజన్ ఆక్సైడ్ పొగలు లేస్తాయి. బంగారు లవణానికైతే ఏకంగా నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రవరాజమే కావాలి. లోహాన్ని ముందు ఘాటైన ఆమ్లంతో అయానుగా మార్చి, ఆ తరువాత ఆకుతో తిరిగి లోహంగా మారుస్తున్నాం. మొదటి సగాన్ని ఎవరో కంపెనీవారు చేసి సీసాలో పోసి పంపుతారు కనుక ఆ పొగ మన కంట పడదు. పాల్ అనస్తస్, జాన్ వార్నర్ 1998లో క్రోడీకరించిన హరిత రసాయనశాస్త్రపు పన్నెండు సూత్రాల్లో మొదటిది వ్యర్థాన్ని అసలు పుట్టనివ్వవద్దనేది. దాన్ని గట్టిగా పట్టుకుంటే సీసా మూత తీసిన చోటునుంచి లెక్క మొదలుపెట్టడం కుదరదు.

అయినా ఇవన్నీ సర్దుకోగలిగినవే. ఉత్ప్రేరకం కొద్దిగానే కావాలి, పదేపదే వాడుకోవచ్చు, కాబట్టి దాని తయారీలో కొంత వృథా అయినా నష్టం లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది ఆ తరువాతి అంకం.

మన కణాలు మంచి ఉత్ప్రేరకాలని చూపించడానికి అందరమూ చేసే పరీక్ష పారానైట్రోఫినాల్‌ను పారాఎమైనోఫినాల్‌గా మార్చడం. పరీక్ష నిజంగా అందమైనదే. నైట్రోఫినాల్‌కు సోడియం బోరోహైడ్రైడ్ కలపగానే అది ఫినోలేటుగా మారి 400 నానోమీటర్ల దగ్గర చిక్కని పసుపు ఇస్తుంది. బోరోహైడ్రైడ్ ఎంత బలమైన క్షయకరణి అయినా, ఉత్ప్రేరకం లేకపోతే ఆ పసుపు గంటల తరబడి అలాగే ఉంటుంది. చిటికెడు లోహపు కణాలు పడగానే బోరోహైడ్రైడ్ తన హైడ్రోజన్‌ను లోహపు తలానికి అప్పగిస్తుంది, నైట్రోఫినోలేటూ అదే తలం మీద వాలుతుంది, రెండూ అక్కడ కలుసుకుంటాయి. పసుపు తగ్గిపోతూ 300 దగ్గర కొత్త శిఖరం లేస్తుంది. పది నిమిషాల్లో ముగుస్తుంది, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు ఒక్కటి ఉంటే చాలు, శోషణ సంవర్గమానాన్ని కాలంతో గీస్తే సరళరేఖ వస్తుంది. ఈ చర్యను నానోకణాలతో మొదట వివరంగా చూసినవారిలో ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన తారాశంకర్ పాల్ బృందం ఉంది. లోహపు తలాల మీద జరిగే తంతును అర్థం చేసుకోవడానికి వాడుకున్నంతవరకు ఇది గొప్ప సాధనం. హరితమని పేరుపెట్టినదాన్ని దీనితో పరీక్షించడంలోనే నాకు చిక్కు కనిపిస్తుంది.

ఎందుకో అంకెల్లో చెబుతాను. వెండి నానోకణాల తయారీలో ఆకు ఎవరి స్థానంలోకి వచ్చింది? ఇదే సోడియం బోరోహైడ్రైడ్ స్థానంలోకి. కళాశాలల్లో చేయించే పాత పద్ధతిలో పది మిల్లీలీటర్ల ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్‌కు ముప్పై మిల్లీలీటర్ల రెండు మిల్లీమోలార్ బోరోహైడ్రైడ్ వాడతారు, అంటే వెండికి ఆరు రెట్లు. ఉత్ప్రేరక పరీక్షలో క్యూవెట్‌లో, అంటే ఆ కొలత జరిగే చిన్న పాత్రలో, వేసేది యాభై మైక్రోలీటర్ల వెండి ద్రావణం. అది ఒక మిల్లీమోలార్ అనుకుంటే అందులో వెండి 0.05 మైక్రోమోల్. ఆ కాస్త వెండిని పాత పద్ధతిలో చేసి ఉంటే 0.3 మైక్రోమోల్ బోరోహైడ్రైడ్ ఖర్చయ్యేది. ఆకు ఆదా చేసినది అంతే. ఇక పరీక్షలో మూడు మిల్లీలీటర్ల 0.1 మిల్లీమోలార్ నైట్రోఫినాల్‌కు నూరు రెట్లు బోరోహైడ్రైడ్ వేస్తాం, అది 30 మైక్రోమోల్‌లు. ఒక వంతు ఆదా చేశామని శీర్షికలో చాటి, నూరు వంతులు అదే పత్రంలోని రెండవ భాగంలో పారబోశామన్నమాట. నా గ్రంథంలోనూ నిష్పత్తి ఇంచుమించు ఇదే. దాన్ని దిద్దిన పెద్దలెవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

ఇదే చర్యను నీటిశుద్ధి అని కూడా పిలుస్తున్నాం కనుక ఆ లెక్క కూడా చూడాలి. 0.1 మిల్లీమోలార్ అంటే లీటరు నీటిలో 13.9 మిల్లీగ్రాముల నైట్రోఫినాల్. దాన్ని తొలగించడానికి కలిపిన బోరోహైడ్రైడ్ చివరికి బోరేటుగా మారి నీటిలోనే ఉండిపోతుంది. అందులో బోరాన్ లీటరుకు 108 మిల్లీగ్రాములు. తాగునీటిలో బోరాన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. దానికి నలభై అయిదు రెట్లు బోరాన్ కలిపి, నైట్రోఫినాల్‌ను పంపించేశామని చెప్పుకుంటున్నాం. పంపించేసిందీ లేదు, దాన్ని ఎమైనోఫినాల్‌గా మార్చాం, అదీ నీళ్ళలోనే ఉంది.

రంగుల విషయంలో సంగతి ఇంకా ఇబ్బందికరం. మిథిలీన్ బ్లూను బోరోహైడ్రైడ్, నానోకణాలతో నిమిషాల్లో తెల్లబరచి ‘రంగు విచ్ఛిన్నమైంది’ అని రాస్తారు. ఆ సీసాను అలాగే మూతపెట్టి బెంచీ మీద ఉంచి, బోరోహైడ్రైడ్ పూర్తిగా చల్లారిన తరువాత మూత తీసి బాగా కుదపండి. గాలిలోని ఆక్సిజన్ తగిలి నీలం తిరిగివస్తుంది. అణువు విరగలేదు, రెండు ఎలక్ట్రాన్లు పుచ్చుకొని రంగులేని రూపంలోకి ముడుచుకుంది, అంతే. కాంగో రెడ్ వంటి ఏజో రంగుల్లో మాత్రం అణువు నిజంగానే తెగుతుంది, కానీ తెగిన ముక్కల్లో ఒకటి బెంజిడీన్, మూత్రాశయ క్యాన్సర్‌కు కారణమని ఏనాడో తేలిన పదార్థం. ఎర్రని నీటిని తేటగా చేశాం, తేటగా ఉన్న నీరు ముందున్న నీటికన్నా చెడ్డది. స్పెక్ట్రోఫోటోమీటరుకు తెలిసింది రంగు ఒక్కటే కాబట్టి అది దీన్ని తొంభై ఎనిమిది శాతం విజయమని చూపిస్తుంది.

పైగా ఈ పరీక్షలన్నీ స్వేదనజలంలో చేసినవి. పటాన్‌చెరులో మందుల పరిశ్రమల మురుగును శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించినప్పుడు ప్రపంచమంతా మనవైపు చూసింది. అటువంటి నీటిలో ఉప్పులు, ద్రావణులు, సేంద్రియ పదార్థాలు కలగాపులగంగా ఉంటాయి. ఉప్పు తగిలితే వెండి కణాలు గుమికూడి అడుగుకు చేరతాయన్నది రెండవ సంవత్సరం విద్యార్థికీ తెలుసు. నిజమైన మురుగులో ఒక్క చెంచా కలిపి చూసినా మన పత్రాల చివరి పేరాల్లోని ఆశ చాలావరకు దిగిపోతుంది.

ఇనుము దగ్గరికి వస్తే ఈ కథ మరో మలుపు తిరుగుతుంది, నాకు బాగా ఇష్టమైన ఘట్టమూ ఇదే. ఇనుప లవణాన్ని తేయాకు కషాయంలో పోస్తే కళ్ళముందే నల్లబడుతుంది. ఇది శూన్య సంయోజకత ఉన్న లోహపు ఇనుము, అంటే అసలైన ఇనుప నానోకణాలని ఎన్నో పత్రాలు ప్రకటించాయి, 2009 ప్రాంతం నుంచి ఆ పొడితో రంగునీళ్ళు తేర్చడం ఒక ధోరణి అయింది. మన తెలుగువాళ్ళు మాత్రం ఈ నలుపును చూడగానే గుర్తుపట్టి ఉండవలసింది. అన్నభేది అనే ఇనుప లవణాన్ని కరక్కాయ కషాయంలో కలిపి సిరా చేసుకున్న తరాలు మనవి. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు బట్టను కరక్కాయ, గేదెపాలతో నానబెట్టి ఆరేసి, తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవంలో కలం ముంచి గీత గీస్తారు. కలం తగిలిన చోట గీత నల్లబడుతుంది. ఆ నలుపు ఇనుమూ టానిన్లూ కలిసి కట్టిన సంక్లిష్ట సమ్మేళనం. తేయాకులో ఉన్నవీ ఆ జాతి పాలీఫినాల్‌లే. తేయాకు నలుపు లోహపు ఇనుమైతే శ్రీకాళహస్తి దేవుళ్ళ కనుబొమలన్నీ ఇనుప నానోకణాలే అనాలి.

రసాయన తర్కమూ అదే చెబుతుంది. వెండి 0.80 వోల్టుల దగ్గర కూర్చుంటే ఇనుము మైనస్ 0.44 దగ్గర కూర్చుంది. వెండిని దించగలిగిన పాలీఫినాల్ నీటిలో మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఇనుమును లోహం దాకా దించడం ఆశించదగ్గది కాదు. ఫెర్రిక్‌ను ఫెర్రస్ దాకా తేగలదు, ఆపైన దాన్ని చుట్టుకొని పట్టుకుంటుంది. 2014లో ఒక యూరోపియన్ బృందం మాస్‌బౌవర్ వర్ణపటం వంటి గట్టి పరీక్షలతో చూసి, తేయాకుతో వచ్చేవి ఇనుము–పాలీఫినాల్ సంక్లిష్ట కణాలని తేల్చింది. అంత ఖరీదైన యంత్రం లేనివారికి ఇంట్లో దొరికే పరీక్ష ఉంది. నల్లని ద్రావణంలో ఆగ్జాలిక్ ఆమ్లం వేస్తే, బట్టమీది సిరామరక పోయినట్టే, నలుపు బుడగలేమీ లేకుండా కరిగిపోతుంది. లోహపు ఇనుమైతే ఆమ్లంలో హైడ్రోజన్ బుడగలు కక్కాలి, అయస్కాంతానికి లొంగాలి. సిరా సిరాలాగే ఒక ఉపయోగకరమైన పదార్థం, హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసినప్పుడు అది సేంద్రియ కాలుష్యాలను ఆక్సీకరించే ఫెంటన్ తరహా చర్యకు పనికొస్తుంది కూడా. కానీ దాని పేరు దానికి పెట్టాలి.

పేరు తప్పు పెట్టిన పాపం నాకూ ఉంది. నా తంగేడు వెండికి తీసిన ఎక్స్‌రే వివర్తన పటంలో వెండికి చెందిన 38, 44, 64, 77 డిగ్రీల శిఖరాలతోపాటు 27.8, 32.2, 46.2 దగ్గర మరో మూడు వాడిగా నిలిచాయి. వాటిమీద చుక్కగుర్తులు పెట్టి ‘కషాయంలోని జీవసేంద్రియ పదార్థం స్ఫటికీకరణ చెందడం వల్ల వచ్చినవి’ అని రాశాను, ఎందుకంటే నేను చదివిన పత్రాల్లో అలాగే రాసి ఉంది. అవి సిల్వర్ క్లోరైడు శిఖరాలు. మొక్కలన్నిటిలోనూ క్లోరైడు ఉంటుంది. ఒక మిల్లీమోలార్ వెండి ఉన్న ద్రావణంలో లీటరుకు ఏడు మైక్రోగ్రాముల క్లోరైడు ఉన్నా సిల్వర్ క్లోరైడు అవక్షేపించడం మొదలవుతుందని ద్రావణీయతా లబ్ధం నుంచి డిగ్రీ పిల్లలు కూడా లెక్కకట్టగలరు. ఆకు కషాయంలో అంతకు వేల రెట్లు ఉంటుంది. నేనే తరగతిలో ఆ లెక్క చేయించేవాణ్ణి. నల్లబల్ల మీద తెలిసినది నా సొంత పటం మీద కనపడలేదు. ఆ పటం చూసి మరికొందరు అదే వాక్యం రాసి ఉంటారు.

ఉత్ప్రేరక పరీక్షలో మరో లోపం ఇంకా సులువుగా దాక్కుంటుంది. కషాయం వెండి మొత్తాన్ని క్షయకరించిందన్న హామీ లేదు. కడగని ద్రావణాన్ని క్యూవెట్‌లో వేస్తే మిగిలిన వెండి అయాన్లను అక్కడి బోరోహైడ్రైడ్ క్షణంలో పట్టుకొని కొత్త కణాలుగా మారుస్తుంది, ఆ కొత్త కణాల మీద ఆకు పొర ఉండదు కాబట్టి అవి మరింత చురుగ్గా పనిచేస్తాయి. పేరు ఆకుది, పని బోరోహైడ్రైడ్ చేసిన వెండిది. అసలు ఆకు లేకుండా సిల్వర్ నైట్రేట్‌నే నేరుగా వేసినా నైట్రోఫినాల్ పసుపు పోతుంది. ఈ నియంత్రణ ప్రయోగానికి పది నిమిషాలు చాలు, అయినా పత్రాల్లో అది అరుదు. దీనికి తోడు వెండి ప్లాస్మాన్ శిఖరం, నైట్రోఫినోలేటు శిఖరం రెండూ 400 పరిసరాల్లోనే ఉంటాయి. ఉత్ప్రేరకం కాస్త ఎక్కువ వేస్తే దేని తగ్గుదలను కొలుస్తున్నామో మనకే తెలియదు.

ఆకు పొర గురించి ఒక మాట. కణాలు గుమికూడకుండా కషాయంలోని అణువులు వాటిని చుట్టుకుంటాయని, అందుకే వేరే స్థిరీకరణి అక్కర్లేదని గొప్పగా చెబుతాం. ఇరవై నానోమీటర్ల వెండి కణంలో రెండు లక్షలకు పైగా పరమాణువులుంటే అందులో పైతలం మీద ఉండేవి సుమారు ఆరు శాతం. ఉత్ప్రేరణ చేయగలిగినవి ఆ ఆరు శాతమే, వాటిమీదే ఆకు జిగురు అంటుకొని ఉంటుంది. మందులకు వాడేటప్పుడు అక్కరకొచ్చే పొర ఉత్ప్రేరణలో అడ్డుగోడ అవుతుంది. ఎంత తలం తెరిచి ఉందో కొలవకుండా, ఒక్కో పరమాణువు సెకనుకు ఎన్నిసార్లు చర్య జరిపిందో చెప్పకుండా, క్యూవెట్‌లో వచ్చిన వేగ స్థిరాంకాన్ని ఇతరుల అంకెలతో పట్టికగా పేర్చి ‘మాదే మెరుగు’ అనడం వేర్వేరు తక్కెళ్ళలో తూచిన బియ్యాన్ని పోల్చడమే.

ఇంతమంది ఇలా ఎందుకు చేస్తున్నారన్నదానికి జవాబు తెలివితక్కువతనం కాదు. జిల్లా కేంద్రాల్లోని కళాశాలల్లో ఒక స్పెక్ట్రోఫోటోమీటరు ఉంటే గొప్ప. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి నమూనా పంపాలంటే డబ్బు కట్టి నెలలు ఆగాలి. పీహెచ్‌డీకి కనీసం ఒక పత్రం ప్రచురించి ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసివేసింది గానీ, అంతకుముందు ఎన్నో ఏళ్ళపాటు ప్రమోషన్లు, పట్టాలు పత్రాల లెక్క మీద నడిచాయి. ఆ అలవాటు నిబంధనతోపాటు పోలేదు. చేతిలో డబ్బు లేదు, గడువు దగ్గరపడుతోంది, పెరట్లో చెట్టు ఉంది. ఆకు కషాయం పని ఊరికే వ్యాపించలేదు. కొద్దిపాటి వసతులతో ఒక గ్రామీణ విద్యార్థిని తన చేతులతో పరిశోధన అనుభవాన్ని పొందగలిగే దారి అది. ఆ దారిని మూసేయాలని నేను అనను. తక్కువ వసతులతో చేయగల ప్రయోగాలు వేరు, తక్కువ వసతులకు మించిన దావాలు వేరు. మొదటిదాన్ని ఆదరిస్తూనే రెండవదాన్ని ఆపవచ్చు.

లోహపు కణాలు నిజంగా కాలుష్యాన్ని తగ్గించిన సందర్భాలు చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. చైనాలో పీవీసీ తయారీకి కావలసిన వినైల్ క్లోరైడును బొగ్గు నుంచి వచ్చే ఎసిటిలీన్‌తో చేస్తారు. దానికి దశాబ్దాలుగా వాడిన ఉత్ప్రేరకం మెర్క్యురిక్ క్లోరైడు, పాదరసం గాలిలోకీ నీటిలోకీ పోతూనే ఉండేది. బంగారం ఈ పనికి మేటి అవుతుందని గ్రాహం హచింగ్స్ 1985లో చెప్పాడు. 2013లో పాదరసం మీద మినమాతా ఒప్పందం కుదిరిన తరువాత ఆ దారికి ఊపు వచ్చి, బొగ్గు మీద పరచిన బంగారు ఉత్ప్రేరకాన్ని జాన్సన్ మాథీ సంస్థ వాణిజ్యస్థాయికి తెచ్చింది. విచిత్రమేమిటంటే అక్కడ పనిచేసేది నానోకణం కూడా కాదు, విడివిడిగా ఉన్న బంగారు పరమాణువులని 2017లో తేలింది. ఆ బంగారాన్ని ఏ ఆకుతో క్షయకరించారని ఎవరూ అడగరు. అది హరితం కావడానికి కారణం అది జరిపించే చర్యలో పాదరసం లేకపోవడం. మసటాకే హరూటా 1987లో అయిదు నానోమీటర్లకన్నా చిన్న బంగారు కణాలతో సున్నాకు దిగువ ఉష్ణోగ్రతల్లోనే కార్బన్ మోనాక్సైడును ఆక్సీకరించినప్పుడూ విలువంతా ఆ చర్యలోనే ఉంది.

మన ముంగిట్లోనే అటువంటి చర్య ఒకటి ఉంది. పరీక్షల్లో మనం పారబోసే ఆ పారాఎమైనోఫినాల్ పారాసిటమాల్ తయారీకి ముందుమెట్టు. దేశంలోనే చేసుకోవలసిన ముడిపదార్థాల జాబితాలో కేంద్ర ప్రభుత్వం 2020లో దాన్ని చేర్చింది, చైనా మీద ఎక్కువగా ఆధారపడుతున్నామని గ్రహించి. పరిశ్రమలో దాన్ని బోరోహైడ్రైడుతో చేయరు. పాత పద్ధతిలో నైట్రో సమ్మేళనాన్ని ఇనుపరజను, ఆమ్లంతో క్షయకరించేవారు, టన్నుల కొద్దీ ఇనుప బురద మిగిలేది. మరో పద్ధతిలో నైట్రోబెంజీనును సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ప్లాటినం మీద హైడ్రోజన్ వాయువుతో క్షయకరిస్తారు. పారానైట్రోఫినాల్‌ను నీటిలో, తక్కువ పీడనం దగ్గర, బోరోహైడ్రైడు కాకుండా హైడ్రోజన్ వాయువుతో మార్చగల చవక లోహపు ఉత్ప్రేరకం ఒకటి మన ప్రయోగశాలలో పుట్టిందనుకోండి. అది యాభైసార్లు తిరిగి వాడినా లోహం కరిగిపోకుండా నిలిచిందనుకోండి. దాన్ని ఆకుతో చేసినా, సిట్రేటుతో చేసినా, చివరికి బోరోహైడ్రైడుతో చేసినా నాకు అది హరితమే. కరిగిపోకుండా అన్నమాట ఊరికే వేయలేదు: నోటి ద్వారా తీసుకునే మందుల్లో పల్లేడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని అంతర్జాతీయ మార్గదర్శకం. హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీల్లో పనిచేసే నా పాత విద్యార్థులు ఉత్ప్రేరకం ఎంత వేగంగా పనిచేస్తుందో అడగరు, వడపోసిన తరువాత మందులో ఎంత లోహం మిగిలిందో అడుగుతారు.

ఈ మూడేళ్ళుగా మా పిల్లలకు ఆకు తేవద్దని చెప్పడం మానేశాను. తెచ్చుకోనిస్తున్నాను. అయితే ఒక ఆకు కషాయం ఫ్లాస్కు పక్కన మరో మూడు ఫ్లాస్కులు నిలబడాలి: గ్లూకోజు, గంజితో చేసినది ఒకటి, సిట్రేటుతో చేసినది ఒకటి, ఏమీ కలపని సిల్వర్ నైట్రేట్ ఒకటి. నాలుగింటినీ ఒకే రోజు, అదే క్యూవెట్‌లో, అంతే వెండితో పరీక్షించాలి. వాడిన బోరోహైడ్రైడు ఎంతో మొదటి పేజీలోనే రాయాలి. మిథిలీన్ బ్లూ పెట్టుకున్నవారు తెల్లబడిన సీసాను మరునాడు మూత తీసి నా ముందు కుదపాలి. పోయిన ఏడాది కానుగాకుతో చేసిన అమ్మాయి ఆ సీసా కుదిపి, నీలం తిరిగిరావడం చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఆ తరువాత తన ప్రాజెక్టు శీర్షికలో ‘విచ్ఛిన్నం’ అన్న మాట కొట్టేసి ‘క్షయకరణం’ అని రాసుకొచ్చింది. వెండి వ్యర్థమంతా పోసే ఒక ముదురురంగు సీసా ఇప్పుడు కిటికీ పక్కన ఉంది. అది నిండినప్పుడు కళ్ళుప్పు వేసి, అడుగుకు దిగిన తెల్లని సిల్వర్ క్లోరైడును తూచి, పోసిన వెండిలో ఎంత తిరిగి వచ్చిందో లెక్కకట్టడం తరువాతి బ్యాచ్‌కు మొదటి ప్రయోగం.